జీటీఎక్స్ 1050 టీఐ: విడిగా కరెంటు అడగని కార్డు

ఎన్విడియా చిప్‌తో వచ్చే ఈ గ్రాఫిక్స్ కార్డులో (కంప్యూటర్లో వీడియో పని చూసే కార్డు) నాకు నచ్చింది ఒక్కటే చెప్పమంటే, దీనికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. 2016 అక్టోబరులో విడుదలైన కార్డు తిరుపతిలో మా పెళ్లి వీడియోల స్టూడియోలో ఇంకా పనిచేస్తోందంటే అదే కారణం.

మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లు. అందులో 12 వోల్టుల లైను మీద 66 వాట్ల దాకా వస్తుంది, మిగతాది 3.3 వోల్టుల మీద. 1050 టీఐ ఆ కాస్తతోనే సరిపెట్టుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే డెల్ ఆప్టిప్లెక్స్ 9020 లాంటి ఆఫీసు టవర్లలో 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) ఉంటుంది, కార్డుకిచ్చే ఆరు పిన్నుల కేబుల్ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ మారుద్దామంటే బోర్డు కనెక్టరే వేరు. అలాంటి టవర్లో ఈ కార్డు గుచ్చి, స్క్రూ బిగించి, డ్రైవర్ వేస్తే పని మొదలుపెట్టొచ్చు. కరెంటు పోయినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ మీద, ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోయినా బీప్ కొడుతుందే గానీ సిస్టమ్ ఆరిపోదు. ప్రాజెక్టు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైము ఉంటుంది. ఎక్కువ వాట్ల కార్డున్న పక్క సిస్టమ్ అదే యూపీఎస్ మీద ఓవర్‌లోడై టక్కున ఆగిపోతుంది. అన్నట్టు, కొన్ని 1050 టీఐ మోడళ్లకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది. కొనేముందు కార్డు అంచున చూసుకోవాలి.

చల్లగా నడుస్తుందని కూడా దీనికి పేరు. ఆ పేరు ఫ్యాను బాగున్నంత కాలమే.

మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటేదీ, ముహూర్తాలు ముంచెత్తేదీ ఒకేసారి, వైశాఖంలో. ఏసీ లేని గదిలో ఆ నెలంతా కార్డుకి ఊపిరాడదు. ఒంటి ఫ్యానుతో వచ్చే చవక మోడళ్లలో మామూలుగా ఉండేది స్లీవ్ బేరింగ్, అంటే ఇరుసు చుట్టూ సన్నటి నూనె పొర, అంతే. వేడికి ఆ నూనె ఎండిపోతుంది. మొదటి లక్షణం శబ్దం: పొద్దున ఆన్ చేయగానే కాసేపు గరగరమని, తర్వాత సద్దుమణుగుతుంది. దాన్ని పట్టించుకోకపోతే కొన్ని వారాలకు ఎక్స్‌పోర్టులు నెమ్మదిస్తాయి. అప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్‌నో హార్డ్ డిస్కునో అనుమానిస్తారు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్స్ ట్యాబ్ తెరిస్తే విషయం బయటపడుతుంది. మా కార్డులో వేడి 83 డిగ్రీల దగ్గర నిలబడింది, వేగాన్ని ఏది ఆపుతోందో చెప్పే పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస థర్మల్, అంటే వేడి, అని చూపింది, 1700 మెగాహెర్ట్జ్ మీద ఉండాల్సిన క్లాక్ (చిప్ వేగం) 1300 కిందికి జారింది. ఫ్యాను మాత్రం 80 శాతం అని ఉంది! సైడు మూత తీసి చూస్తే రెక్కలు విడివిడిగా కంటికి ఆనేంత నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఆ శాతం ఫ్యానుకు కార్డు ఇచ్చే ఆర్డరు మాత్రమే, అసలు వేగం కాదు. రెండు వైర్ల ఫ్యానైతే వేగాన్ని తిరిగి చెప్పే వైరే ఉండదు.

సరిగ్గా ముహూర్తాల మధ్యలో ఆ ఫ్యాను పూర్తిగా బిగుసుకుపోయి తెర నల్లబడింది. ఈ చిప్‌కి ఎన్విడియా పెట్టిన హద్దు 97 డిగ్రీలు. కార్డు తనను తాను కాపాడుకుంది, చావలేదు. వారంటీ అయిపోయిన కార్డుకి ఫ్యాను ఒక్కటే విడిగా ఇవ్వబోమంది దాని కంపెనీ, నా కోపమంతా అక్కడే. అంత చిన్న వస్తువు కోసం మొత్తం కార్డు పారేయాలా?

అప్పటికప్పుడు గట్టెక్కాలంటే, చచ్చిన ఫ్యాను ఊడదీసి, 92 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యానును హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) మీద జిప్ టైలతో కట్టి, ఎస్‌ఎంపీఎస్ సాటా కేబుల్‌కి తగిలించే కన్వర్టర్‌తో 12 వోల్టులివ్వాలి. ఎప్పుడూ ఫుల్ స్పీడులో తిరుగుతుంది, చప్పుడెక్కువ, పని మాత్రం ఆగదు. ఫ్యాను ఇంకా కాస్త తిరుగుతుంటే మధ్యలో స్టిక్కరు లేపి, కింద రబ్బరు మూత ఉంటే తీసి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయొచ్చు. కొబ్బరినూనె వద్దు, డిసెంబరు చలికి పేరుకుంటుంది. డబ్ల్యూడీ-40 అసలే వద్దు, ఉన్న నూనెను కూడా కడిగేసి ఆరిపోతుంది. ఈ వైద్యం కొన్ని నెలలకు మించి నిలవదు.

సరైన దారి కొత్త ఫ్యానే. ఫ్యాను నడిమధ్య స్టిక్కరు మీదున్న నంబరు, రెక్కల అడ్డం కొలత (చుట్టుకొలత కాదు), మూడు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, వైర్లెన్ని, కనెక్టరు సైజెంత, ఇవన్నీ ఫోటో తీసుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఆన్‌లైన్‌లోనో వెతకాలి. బాల్ బేరింగ్ దొరికితే అదే తీసుకోవాలి. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి థర్మల్ పేస్టు (చిప్ నుంచి హీట్‌సింక్‌కి వేడిని చేర్చేది) కూడా మార్చేయడం మంచిది. వెనకున్న నాలుగు స్ప్రింగు స్క్రూలను మూలకు మూల, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. పాత పేస్టు రాయిలా పట్టేసి ఉంటుంది. కార్డు వెచ్చగా ఉన్నప్పుడు హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయాలి, నిటారుగా లాగితే చిప్ మూలలు పగులుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీలో సగమంత పేస్టు చాలు. మా కార్డు ఆ తర్వాత అదే గదిలో, ఫుల్ లోడులో 66 డిగ్రీలు దాటలేదు.

ఇక పని సంగతి. 1080పీ ఎడిటింగుకి హాయిగా సరిపోతుంది, 10 బిట్ హెచ్‌ఈవీసీ (వీడియోను కుదించే పద్ధతి) 4:2:0 ఫుటేజ్, అంటే రంగు వివరం తక్కువగా ఉండేది, కూడా బాగానే నడుస్తుంది. కానీ ఇప్పటి కెమెరామెన్ ఎక్కువగా తీసే రంగు వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 ఫుటేజ్‌ను ఈ చిప్ డీకోడ్ చేయలేదు (విప్పి చూపలేదు). భారమంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు) చేసుకోవాల్సిందే. 4కేలో నాయిస్ రిడక్షన్ వేశామా, కార్డులోని 4 జీబీ మెమరీ నిండిపోయిందని మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్ ఆగిపోతుంది. పైగా 2025 అక్టోబరుతో మామూలు డ్రైవర్లు ఆపేశారు, 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లే వస్తాయి. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను నడుస్తున్న వెర్షన్ దగ్గరే ఉంచాం.

ఇప్పుడు కొనొచ్చా అంటే, చేతిలో ఉన్న కార్డైతే ఫ్యాను మార్చి వాడుకోండి. కొత్తగా డబ్బు పెట్టేవాళ్లకు, కేబుల్ లేకుండానే 70 వాట్లతో నడిచే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఉంది, బడ్జెట్ అందితే అదే నయం. మా ఆర్డర్లు ఎక్కువగా 1080పీ కాబట్టి మాకింకా ఇది చెల్లుతోంది, 4కే అడిగే పార్టీలున్న స్టూడియోకి చెల్లదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మాత్రం వెనక నీలం రంగు వీజీఏ పోర్టుందేమో చూడండి. ఈ తరం చిప్‌లకు ఆ అవుట్‌పుటే లేదు, ఉంటే పాత కార్డుకి పేరు మార్చి అమ్ముతున్నారేమోనని అనుమానించాలి. జీపీయూ-జెడ్ తెరిచి చిప్ పేరు జీపీ107, షేడర్లు (లెక్కలు చేసే యూనిట్లు) 768, మెమరీ దారి వెడల్పు 128 బిట్ అని మూడూ కనిపించాకే డబ్బులివ్వండి.