చలికాలం ట్రిప్పులు, ఈ-రీడర్, పుస్తకాల షాపు: ఏళ్లు వాడాక నా సమీక్ష

చలికాలంలో రెండు మూడు రోజులు ఎక్కడికైనా వెళ్తే, అందులో ఒక పూట నాకిష్టమైన పుస్తకాల షాపుకే. ఈ అలవాటు నా ఈ-రీడర్ (ఈ-పుస్తకాలు చదివే చిన్న పరికరం) కంటే పాతది. ఈ-రీడర్ వచ్చాక ఆ పూట తగ్గలేదు సరికదా, ఇంకా బాగుపడింది. అందుకే ఇక్కడ పరికరం గురించి ఎంత చెప్తానో, షాపు గురించీ అంత చెప్తాను. రెండూ కలిస్తేనే దీని విలువ నాకు తెలిసింది.

ముందు బరువు సంగతి. ఎ5 సైజులో, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు తూగే) కాగితం మీద 300 పేజీల పుస్తకమంటే 150 కాగితాలు. అట్ట కాకుండానే సుమారు 325 గ్రాములు తూగుతుంది. ఆరేడు అంగుళాల ఈ-రీడర్ 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, ఎన్ని పుస్తకాలు నింపినా అంతే. చలికాలం బ్యాగులో స్వెటర్లకీ శాలువాకే చోటు చాలదు. ఇదివరకు ఇంటి నుంచే పుస్తకాలు మోసుకెళ్లేదాన్ని. షాపులో ఏదైనా నచ్చినా, బ్యాగు గుర్తొచ్చి మళ్లీ అరలో పెట్టేసేదాన్ని. ఇప్పుడు దారిలో చదివేవన్నీ ఈ-రీడర్‌లో ఉంటాయి, బ్యాగులో మిగిలిన చోటు షాపుది.

ఇక చలిలో ఇది ఎలా పనిచేస్తుందో చెప్పాలి, కొనేవాళ్లకి షాపులో ఈ విషయం ఎవరూ చెప్పరు. దీని స్క్రీన్‌లో సన్నటి గుళికలు ఉంటాయి, ఒక్కోటి ఇంచుమించు వెంట్రుక మందం. వాటిలోని పారదర్శకమైన ద్రవంలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు తేలుతుంటాయి. కరెంటు తగలగానే ఏదో ఒక రంగు పైకొస్తుంది, అదే అక్షరం. చలి ముదిరితే ఆ ద్రవం చిక్కబడి రేణువులు బద్ధకిస్తాయి. పేజీ ఆలస్యంగా మారుతుంది, వెనక పేజీ అక్షరాల నీడ లీలగా మిగిలిపోతుంది. పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. వెచ్చటి చోటికి తెచ్చి స్క్రీన్‌ని ఒకసారి రిఫ్రెష్ చేస్తే మామూలైపోతుంది. అయినా సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఆరుబయట చదవడానికి ఇది పనికొచ్చే వస్తువు కాదు.

బ్యాటరీ విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకండి. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. బయట తిరిగేటప్పుడు కోటు లోపలి జేబులో పెట్టుకోవడం మంచిది. గదిలోకి వచ్చాక కూడా చల్లటి వస్తువు మీద చెమ్మ పడుతుంది కాబట్టి, కాసేపు ఆగి కేబుల్ పెడతాను. పేజీ మారినప్పుడే కరెంటు వాడుకునే స్క్రీన్ కాబట్టి చిన్న ట్రిప్పులో ఛార్జర్ అవసరమే రాదు, లైటు మరీ ఎక్కువ పెట్టకపోతే. ఆ లైటు కూడా ఫోన్‌లా వెనక నుంచి కాదు, అంచుల నుంచి స్క్రీన్ మీదుగా పరుచుకుంటుంది. తొందరగా చీకటి పడే రోజుల్లో బండిలో కూర్చుని చదవడానికి ఇది ఎంత హాయో చెప్పలేను.

నాకు నచ్చనిది టచ్. మామూలు ఊలు గ్లౌజులతో పేజీ కదలదు. చలిలో ప్రతి పేజీకీ వేలు బయటికి తీయడం విసుగు.

ఇప్పుడు షాపు. వెళ్లే ముందు రాత్రి, నాకు ఆసక్తి ఉన్న పుస్తకాల నమూనా అధ్యాయాలు ఈ-రీడర్‌లో చదువుతాను. పొద్దున షాపుకి వెళ్లేసరికి ఏది అక్కర్లేదో తెలిసిపోయి ఉంటుంది, నచ్చినదాన్ని అక్కడే కొంటాను. కానీ అసలు ఆనందం దాని పక్కనున్న పుస్తకంలో ఉంది. ఆన్‌లైన్‌లో వెతికితే నేను చదివినవాటి లాంటివే చూపిస్తుంది. షాపులో అర సర్దింది ఒక మనిషి. ఆయన రెండు పుస్తకాల్ని పక్కపక్కన ఎందుకు పెట్టాడా అని నిలబడి ఆలోచించడం నాకు చాలా ఇష్టం. అలా దొరికిన పుస్తకాలే నా దగ్గర ఎక్కువ కాలం నిలిచాయి.

ఏది కాగితం మీద కొనాలో కూడా ఈ పరికరమే నేర్పింది. కవిత్వం తప్పకుండా కాగితమే. స్క్రీన్ మీద అక్షరం సైజు పెంచగానే పాదం మధ్యలో విరిగి కింది వరుసలోకి పడుతుంది, కవి విడగొట్టిన చోటు ఏదో తెలియదు. మ్యాపులు, బొమ్మలు ఉన్నవీ అంతే. చివర్లో నోట్సు ఉండే చరిత్ర పుస్తకాల్లో ఒక వేలు ఇక్కడ, ఒక వేలు అక్కడ పెట్టుకుని తిరగేయాలి నాకు. స్నేహితులకి ఇవ్వాలనిపించే పుస్తకం కూడా కాగితమే కావాలి. చాలా ఈ-పుస్తకాలకి కాపీ చేయనివ్వని డిజిటల్ తాళం ఉంటుంది, అవి చేతులు మారవు.

కొనేముందు పుస్తకం వెన్నుని పైనుంచి చూస్తాను. కాగితాలు మడతలు మడతలుగా, ఫారాలుగా (మడిచిన కాగితాల చిన్న కట్టలుగా) కనిపిస్తే కుట్టు బైండింగ్ ఉండే అవకాశం ఎక్కువ. చదునుగా ఉంటే గమ్ బైండింగ్. చలికి ఆ గమ్ బిగుసుకుపోతుంది, బయటి నుంచి తెచ్చిన వెంటనే విరిచి తెరిస్తే వెన్ను పగిలి పేజీలు ఊడతాయి. గదిలో మామూలు వేడికి వచ్చేదాకా ఆగడమే మందు. అచ్చు వివరాల పేజీలో వృత్తంలో అనంతం గుర్తు ఉందేమో కూడా చూస్తాను. అది ఆమ్లం లేని, ఎక్కువ కాలం నిలిచే కాగితానికి గుర్తు. ఒకే పుస్తకం రెండు ముద్రణల్లో దొరికితే నేను అది ఉన్నదాన్నే తీసుకుంటాను.

ఈ-రీడర్ ఇంకా బాగానే పనిచేస్తోంది, ఇప్పట్లో మార్చే ఆలోచన లేదు. మార్చాల్సి వస్తే పక్కన పేజీ తిప్పే బటన్లున్నదే కొంటాను, కాస్త ధర ఎక్కువైనా. నాలా చలికాలంలోనే ఎక్కువగా తిరిగేవాళ్లకి స్క్రీన్ సైజు కంటే, స్టోరేజీ కంటే అవే ముఖ్యం.