చెడ్డ చట్టం, మంచి లాయరు... మంచి చట్టం, చెత్త లాయరు: ఏది మేలు?

కోర్టుల గురించి నలుగురు మాట్లాడుకుంటే రెండు ఫిర్యాదులు వినపడతాయి. లాయర్లలో మునుపటి శ్రద్ధ లేదని ఒకటి, తలాతోకా లేని చట్టాలు పుట్టుకొస్తున్నాయని ఇంకొకటి. రెండూ నిజమే అనుకుందాం. ఒక్కటే వదిలించుకోగలిగితే ఏది వదిలించుకోవాలి?

ముందు చెడ్డ చట్టం సంగతి. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో 66ఎ సెక్షన్ ఉండేది. ఆన్‌లైన్‌లో చికాకు పుట్టించేలా పంపే కొన్ని రకాల మెసేజ్‌లకు కూడా మూడేళ్ల వరకు జైలు. ఎవరి చికాకు, ఎంత చికాకు అన్న కొలత అందులో లేదు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల సుప్రీంకోర్టు బెంచి దాన్ని కొట్టేసింది. పీడ విరగడైందనుకున్నారు అంతా. తీరా 2021లో చూస్తే, దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని బయటపడింది. సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. అటార్నీ జనరల్ చెప్పిన కారణం ఇంకా విడ్డూరం: చట్టం పుస్తకంలో సెక్షన్ యథాతథంగా అచ్చయి ఉంది, కొట్టేసిన సంగతి మాత్రం పేజీ కింద ఫుట్‌నోట్‌లో ఉందట!

ఒక కేసు ఠాణా గడప దాటి విచారణ దాకా వెళ్లాలంటే ఎన్ని చేతులు మారాలి? పోలీసు, ప్రాసిక్యూటర్, మేజిస్ట్రేట్, ముద్దాయి తరఫు లాయరు. వీళ్లలో ఒక్కరు పేజీ అడుగుకు చూపు దించినా కేసు అక్కడే ఆగేది. చివరికి ఈ సెక్షన్ కింద ఎవరినీ విచారించొద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చట్టం చచ్చినా అశ్రద్ధ దాన్ని ఏడేళ్లు బతికించింది. పోలీసుల్ని తిట్టి ఊరుకుంటాం గానీ, నల్లకోటు వేసుకున్నవాళ్ల వాటా తక్కువేం కాదు.

ఇక చట్టం బాగుండి లాయరు బాగుండకపోతే? 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో తేలిన కేసు చూడండి. విమానంలో సర్వింగ్ ట్రాలీ మోకాలికి తగిలి గాయమైందని ఒక ప్రయాణికుడు దావా వేశాడు. గడువు దాటిపోయిందని ఎయిర్‌లైన్స్ వాదించింది. దానికి జవాబుగా అతని లాయర్లు ఉదహరించిన తీర్పుల్లో ఆరు అసలు లేనే లేవు. అన్నీ చాట్‌జీపీటీ కల్పించినవి. ఇవి నిజమైనవేనా అని లాయరు మళ్లీ ఆ చాట్‌జీపీటీనే అడిగాడు. అవునంది, నమ్మేశాడు. దొంగనే సాక్ష్యం అడిగినట్టు! 5,000 డాలర్ల జరిమానా పడింది. దావా కూడా గడువు కారణంగానే పోయింది. మంచి లాయరుంటే గెలిచేవాడా అంటే చెప్పలేం. కానీ తన తరఫున సరైన వాదన వినిపించుకునే అవకాశమే అతనికి దక్కలేదు.

ఇంతవరకు చూస్తే నా ఓటు మంచి లాయరుకే. కానీ కాలిఫోర్నియా దగ్గర ఆగాల్సి వస్తుంది. 1994లో అక్కడ మూడో నేరానికి కనీసం 25 ఏళ్లు జైల్లో ఉండాల్సిన యావజ్జీవ శిక్ష అనే చట్టం తెచ్చారు. పాత నేరాలున్న ఒకడు మూడు గోల్ఫ్ కర్రలు ఎత్తుకెళ్లి దాని కింద ఇరుక్కున్నాడు. లాయర్లు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోరాడారు. 2003లో 5-4తో ఓడిపోయారు. వాదనలో లోపం కాదు, శిక్షే ముందుగా కట్టేసి ఉంది. 2012లో ఓటర్లే ఆ చట్టాన్ని సడలించారు.

మన పాత ఐపీసీలోని 303 సెక్షన్ కూడా ఆ బాపతే. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే దారి లేదనేది. 1983లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ సెక్షన్ కింద దోషిగా తేలినవాడి విషయంలో జడ్జి చేతులు కట్టేసినట్టే.

కాబట్టి సెక్షన్‌లో కనీస శిక్ష రాసి ఉందా లేదా అన్నది ముందు చూస్తాను. లేకపోతే చట్టం ఎంత పిచ్చిదైనా ఫర్వాలేదు, ఫుట్‌నోట్ చదివే లాయరును వెతుక్కుంటాను. ఉంటే మాత్రం ఎంత పేరున్న లాయరుకు వకాలతు ఇచ్చినా ధీమాగా ఉండను. అక్కడ ముందు మారాల్సింది చట్టమే.