మోకాళ్ల నొప్పికి చైనా వైద్యం: సూదులా, కషాయమా?

ఈమధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు. నా మొగ్గు సూదుల (ఆక్యుపంక్చర్) వైపే. అయితే కారణం మీరనుకునేది కాకపోవచ్చు.

రెండింటికీ మూలం ఒకటే. గాలి, చలి, తేమ ఒంట్లో చేరి రక్తానికీ 'చీ' అనే ప్రాణశక్తికీ అడ్డుపడితే నొప్పి పుడుతుందని ప్రాచీన గ్రంథం హువాంగ్‌దీ నైజింగ్ చెబుతుంది. గాలి ఎక్కువైతే నొప్పి కీలు కీలుకూ తిరుగుతుంది. చలి ఎక్కువైతే ఒకేచోట పొడుస్తుంది, కాపడం పెడితే తగ్గుతుంది. తేమ ఎక్కువైతే కాలు బరువెక్కి మొద్దుబారుతుంది. అందుకే ఆ వైద్యులు ముసురు పట్టినప్పుడు నొప్పి పెరుగుతుందా అని అడుగుతారు, నాలుక చూస్తారు, నాడి పట్టుకుంటారు.

కషాయాల్లో పేరున్నది దూహువో జీషెంగ్ తాంగ్. ఇది 7వ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో చెప్పిన మందు కూర్పు. ఇందులో దాల్చిన చెక్క, అతిమధురం, జిన్సెంగ్ సహా 15 దినుసులుంటాయి. ముదిరిన నడుము, మోకాలి నొప్పులతో పాటు సత్తువ తగ్గినవాళ్లకు ఇస్తారు. నొప్పినీ నీరసాన్నీ కలిపి చూడటం నాకు నచ్చింది. నా భయమల్లా పొట్లంలో ఏముందో తెలియకపోవడమే. చలి నొప్పులకిచ్చే కొన్ని మందుల్లో వసనాభి జాతి దుంపలుంటాయి. వాటిని సరిగ్గా శుద్ధి చేసి, చాలాసేపు మరిగించకపోతే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికొస్తుంది. మన ఆయుర్వేదంలోనూ వసనాభిని శుద్ధి చేయకుండా వాడరు. 1990లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మందులో ఫాంగ్‌జీ అనే వేరుకు బదులు అరిస్టొలోకియా అనే విషపు వేరు పడింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. అక్కడ వాడాలనుకున్న ఫాంగ్‌జీ కీళ్ల నొప్పులకూ ఇచ్చే మూలికే.

సూదుల్లో ఈ బెడద లేదు. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంటలో దించి మెల్లగా తిప్పుతుంటే లోపల బరువుగా లాగినట్టుంటుంది. 2006లో జర్మనీలో వెయ్యిమందికి పైగా మోకాలి రోగులపై చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు అసలు సూదులతో 53 శాతం మందికి, ఉత్తుత్తి సూదులతో (అసలు బిందువులు కానిచోట పైపైన గుచ్చినవి) 51 శాతం మందికి, మామూలు వైద్యంతో 29 శాతం మందికి గుణం కనిపించింది. అంటే ఏ బిందువులో గుచ్చారన్నది పెద్ద తేడా చేయలేదు. కీళ్ల అరుగుదలకు ఆక్యుపంక్చర్ ఇవ్వొద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2022లో చెప్పాయి కూడా. అయినా నేను దాన్నే ఎంచుకుంటాను. వాడిపారేసే సూదులు, శిక్షణ ఉన్న చేయి ఉంటే హాని చాలా తక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

మాచిపత్రి జాతి ఆకును కాల్చి ఇచ్చే కాపడం చలి నొప్పికి హాయినిస్తుంది, ఎర్రగా వాచిన కీలుకు వద్దు. కప్పింగ్ (ఒంటిమీద కప్పులు బోర్లించి చర్మాన్ని పైకి లాగే పద్ధతి) మోకాలికి పెద్దగా పనికిరాదు. కీలు వేడిగా వాచి, జ్వరం కూడా ఉంటే వీటిలో ఏదీ కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.