అంట్ల దగ్గర కూడా దేవుని సన్నిధే

బ్రదర్ లారెన్స్ సంభాషణలు, ఉత్తరాలు కలిపి వేసిన ఈ చిన్న పుస్తకం రెండోసారి చదివాను. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) మఠం వంటగదిలో ఏళ్ల తరబడి పనిచేశారు ఆయన, పైగా వంటపనంటే అస్సలు ఇష్టం లేదట, అయినా ఆ గిన్నెల చప్పుడులో కూడా మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండేవారు. నా మనసును తాకింది అదే. ఆఫీసులో టెన్షన్ పెరిగితే ఒక్క క్షణం ఆగి "ప్రభువా, ఇది నీ కోసమే" అనుకుని మళ్లీ పనిలో పడుతున్నాను, కోపం నిజంగా తగ్గింది. పుస్తకంలో చెప్పిందే మళ్లీ మళ్లీ వస్తుంది, అనువాదం కూడా అక్కడక్కడా బరువుగా ఉంది. ఉత్తరాలు మాత్రం రోజుకొకటి, మెల్లగా చదవండి.