పెన్న ఒడ్డున పొదల దారిలో ఒక ఉదయం

నెల్లూరులో ఉదయపు నడకకు మంచి చోటేదని అడిగితే చాలామంది స్వర్ణాల చెరువు గట్టునే చూపిస్తారు. పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్ళేవారికి అదే నయం. చెట్టూ పుట్టా, పిట్టా చూడాలనుకునేవారు మాత్రం రంగనాయకులపేట దాటి పెన్న ఒడ్డుకు వెళ్ళాలన్నది నా అభిప్రాయం. దాన్ని ఉద్యానవనంగా ఎవరూ తీర్చిదిద్దలేదు. ఊరి నడుమనే అడవి తనంతట తాను పెరిగిన చోటది.

డిసెంబరులో, ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టాక వెళ్ళాము. తల్పగిరి రంగనాథస్వామి ఆలయం గాలిగోపురం దగ్గర ఆటో దిగి, గుడి వెనుక నుంచి ఏటి ఒడ్డు పట్టుకుంటే, కొద్దిసేపటికే ఊరి చప్పుడు సన్నగిల్లి, దారికి రెండు వైపులా సర్కారు తుమ్మ కమ్ముకొస్తుంది. ఈ చెట్టు మన నేలది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మేకలు కాయలు తిని గింజలను పెంటికల్లో మోసుకుపోతాయి కనుక ఏటిగడ్డంతా అల్లుకుపోయింది. ముళ్ళు రబ్బరు చెప్పులను సునాయాసంగా చీల్చుకొస్తాయి, బూట్లు తప్పనిసరి. తుమ్మ పలుచబడిన చోట రెల్లు, నీరు నిలిచిన చోట జమ్ము, తుంగ కనిపిస్తాయి.

ఒక ఈతచెట్టు కింద రాలిపడిన గిజిగాడి గూడు దొరికింది. రెల్లాకును దారాల్లాగా చీల్చి అల్లిన ఆ గూడు లోపల ఒక వైపు గుడ్ల గది, మరో వైపు కిందికి దిగే గొట్టం, గోడకు అతికించిన ఎండు బురద ముద్దలు ఉన్నాయి. ఆ బురదలో మిణుగురులను అంటించి దీపం పెట్టుకుంటుందని చిన్నప్పుడు వినని వారుండరు. ముద్దలు గట్టిగానే ఉన్నాయి గానీ మిణుగురుల జాడ లేదు. ఇసుక మేటల మీద తీతువులు మమ్మల్ని చూసి చాలాసేపు గోల చేశాయి. లకుముకి పిట్టలు, నీటికాకులు, కొంగలు నీళ్ళున్నంత మేరా కనిపించాయి.

విసురు వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన, “సోమశిల గేట్లు ఎత్తితే మీరు ఇట్టా నడవలేరు సామీ” అన్నాడు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే కనిపించినా, 2021 నవంబరులో వచ్చిన వరద పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టనే కోసుకుపోయింది. కాబట్టి ఎగువనున్న సోమశిల జలాశయం నుంచి నీళ్ళు వదులుతున్నారో లేదో కనుక్కున్నాకే ఏట్లోకి దిగాలి. 2022లో ప్రారంభించిన బ్యారేజీ మీదుగా కోవూరు వైపు రాకపోకలు సాగుతున్నాయి, నీరు నిండిన రోజున చూడవలసిన చోటది.

వసతుల మాటకొస్తే, మేము నడిచినంత మేరా తాగునీరు లేదు, మరుగుదొడ్డి లేదు, ఎనిమిదిన్నర దాటాక నీడ కూడా లేదు. గుడికి దగ్గరలో చెత్త కుప్పలను దాటుకుని పోక తప్పదు. నాకు కోపం తెప్పించింది అదొక్కటే. స్టేషను దగ్గర మేము దిగిన లాడ్జిలో పడక శుభ్రంగానే ఉంది గానీ, వేడినీళ్ళు ఏడు గంటలకు ముందు రావని తెల్లవారాకే చెప్పారు. ఆరింటికి నడక మొదలుపెట్టేవారు గది తీసుకునేటప్పుడే ఆ సంగతి అడగడం మంచిది. తిరుగుదారిలో తిన్న కారం దోశకు వంక పెట్టలేము. మధ్యాహ్నపు చేపల పులుసులో మామిడికాయ లేదు, ఆ ముచ్చట వేసవిలో వచ్చేవారికే.

సాయంత్రం స్వర్ణాల చెరువు గట్టుకూ వెళ్ళాము. దారి చదునుగా ఉంది, గాలి బాగుంది, జనమూ ఎక్కువే. గట్టునున్న బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. పండుగ కోసమే వచ్చేవారు గది ముందుగా మాట్లాడుకోవాలి, ప్రశాంతంగా నడవాలనుకునేవారు మరో వారం ఎంచుకోవాలి.