రెక్క కింద నీలం మరక: లాక్‌టైట్ 290 వాడి చూశాక

సొంతంగా కట్టుకున్న విమానంలో ఒకటో రెండో రివెట్ల దగ్గర పెట్రోలు చెమ్మగిల్లుతుంటే, టాంకు ఊడదీసే ముందు లాక్‌టైట్ 290 అనే పల్చటి జిగురు మందు చిన్న సీసా ఒకటి తెప్పించుకోండి. మా ఆర్వీ-7 విమానం మీద అది బ్రహ్మాండంగా పనిచేసింది. కాకపోతే అది ఎలాంటి లీకుకి పనికొస్తుందో, దేనికి పనికిరాదో తెలియకుండా కొంటే డబ్బు దండగ. పెట్రోలుతో వ్యవహారం కాబట్టి ప్రమాదం కూడా.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఇది మావారూ నేనూ గ్యారేజీలో కట్టుకున్న విమానం, వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల కిట్టు. ఈ మోడల్లో పెట్రోలుకి విడిగా డబ్బా ఉండదు, రెక్క ముందు అంచే టాంకు. ఒక్కో వైపు 21 గ్యాలన్లు పడుతుంది. రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని లోపల రెక్క ఆకారం నిలిపే అడ్డపలకలకి, అంటే రిబ్బులకి, వందల రివెట్లతో బిగిస్తాం. ప్రతి అతుకులోనూ, ప్రతి రివెట్ చుట్టూ ప్రోసీల్ అనే పాలీసల్ఫైడ్ సీలెంట్ పట్టించాలి. పది పాళ్ల ముద్దకి ఒక పాలు నల్లటి గట్టిపడే మందు, అదీ తూకం వేసి కలపాలి. ఘాటైన గంధకం వాసన, బట్టకి అంటితే ఆ బట్ట మీద ఆశ వదులుకోవాల్సిందే. అంత శ్రద్ధగా చేసినా, అన్ని రివెట్లలో ఒకదాని కాడ పక్కన సన్నటి సందు మిగిలే అవకాశం ఉంటుంది. రేకు ఎండకి సాగి, చలికి ముడుచుకుని, గాల్లో రెక్క కదిలి, అది ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

మాది కుడి రెక్క అడుగున బయటపడింది. 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలులో నీలం రంగు కలిపి ఉంటుంది కాబట్టి మరక దాచినా దాగదు. "ఏమండీ, ఒకసారి ఇటు వచ్చి చూడండి" అని పిలిస్తే, ఆయన చూడగానే అన్న మాట, "మళ్లీ ప్రోసీలా!" నాకూ అదే టెన్షన్. ఆ టాంకు విప్పడమంటే అంచు పొడవునా ఉన్న స్క్రూలన్నీ తీసి, గొట్టాలు విడదీసి, వెనక పలకకి కంత కోసి, లోపల చెయ్యి పెట్టి పాత సీలెంట్ గీకాలి. ఒక్క రివెట్ కోసం అంత పని.

అసలు లీకు ఎంతుందో ముందు తేల్చుకోవాలి. దానికి మెకానిక్కులు వాడే పద్ధతి ఒకటుంది. మరక శుభ్రంగా తుడిచి 30 నిమిషాలు ఆగి, ఎంత మేర తడిసిందో కొలుస్తారు. ముప్పావు అంగుళం లోపైతే వట్టి మరక. అక్కణ్ణుంచి అంగుళంన్నర దాకా చెమ్మ. ఆపైన నాలుగంగుళాల దాకా పెద్ద చెమ్మ. ధారగా కారితే ఇక ఎగరకూడదు. మాది మొదటి రకం. ఈ మందు పనికొచ్చేదీ అక్కడే.

లాక్‌టైట్ 290 హెంకెల్ కంపెనీది. బిగించేసిన బోల్టులు ఊడకుండా బయటనుంచే వేయడానికి చేసిన ఆకుపచ్చ ద్రవం. బోల్టు మరల్లో వేసే మామూలు మందులు, అంటే థ్రెడ్‌లాకర్లు, చిక్కగా ఉంటాయి, ఇది బాగా పల్చన. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు సన్నటి సందు దీన్ని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. గాలి తగిలినంతసేపూ ద్రవంగానే ఉంటుంది. గాలి అందని చోట, లోహానికి ఆనుకుని ఉన్నప్పుడే గట్టిపడుతుంది. సీసాని మూత దాకా నింపకుండా ఖాళీ ఉంచేది అందుకే, పైన గాలి లేకపోతే సీసాలోనే గడ్డకడుతుంది. రివెట్ కాడకీ రేకు కంతకీ మధ్య సందు దీనికి సరిగ్గా సరిపోయే చోటు.

సందు ఊరికే పీల్చుకునేదానికి కొంచెం సాయం చేయాలి, అంటే టాంకులో కాస్త వాక్యూమ్ పెట్టాలి. చాలామంది షాప్ వాక్యూమ్ తగిలిస్తామంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. దాని మోటారులో నిప్పురవ్వలు వస్తుంటాయి, మీరు లాగేదేమో పెట్రోలు ఆవిరి. కారు బ్రేకుల్లో గాలి తీయడానికి ఆటో పార్ట్స్ షాపుల్లో అమ్మే చేతి వాక్యూమ్ పంపు చాలు. పెట్రోలు పూర్తిగా దింపేశాం, అదీ హ్యాంగర్ బయట, ఎర్తింగ్ తీగ తగిలించి. మూత తీసి టాంకు బాగా ఆరనిచ్చాం. తర్వాత ఏ టాంకు పెట్రోలు వాడాలో ఎంచే ఫ్యూయల్ సెలెక్టర్ ఆఫ్ చేసి, మూత బిగించి, ఆ టాంకుకి గాలి ఆడే వెంట్ గొట్టానికి పంపు పెట్టాం. వాక్యూమ్ ఎంతుందో కొలవడానికి పక్కనే రంగునీళ్లు పోసిన యు ఆకారపు ప్లాస్టిక్ ట్యూబు. ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి) అంటే దాదాపు 27.7 అంగుళాల నీటి తేడా. అది చిన్న అంకెలాగే ఉంటుంది కానీ, చదరపు అడుగు రేకు మీద 144 పౌండ్ల బరువు పెట్టడమే. ఆ పల్చటి రేకు లోపలికి నొక్కుకుపోతుంది. అందులో మూడో వంతు కూడా దాటనివ్వలేదు నేను.

మందు వేసే ముందే కాసేపు ఒట్టి వాక్యూమ్ పెట్టి ఉంచితే సందులో మిగిలిన పెట్రోలు లోపలికి పోతుంది. ఆ తర్వాత ఎసిటోన్‌తో రివెట్ తల తుడిచి, అంచు మీది పెయింటు సన్నగా గీకేశాను. అది రేకుతో సమంగా కూర్చునే చదును రివెట్, మందు పట్టాల్సింది తల చుట్టూ ఉన్న గుండ్రటి గీతలోనే. రెక్క కింద వెల్లకిలా పడుకుని టార్చి వెలుతురులో ఒక చుక్క పెట్టాను. ఆకుపచ్చ రంగు ఆ గీత వెంట చుట్టూ పాకింది. ఒక పక్కన మాత్రం నిలవలేదు, పెట్టిన చుక్క పెట్టినట్టే లోపలికి మాయమవుతోంది. లీకు దారి అదే. అక్కడే ఇంకో చుక్క, ఇంకో చుక్క, తాగడం మానేసేదాకా పెట్టాను. ఆ చూడ్డంలో ఉన్న తృప్తి చెప్పలేను. ఆగగానే వాక్యూమ్ నెమ్మదిగా వదిలేయాలి, లేకపోతే మందంతా సందు దాటి టాంకులో పడుతుంది.

పూర్తిగా గట్టిపడడానికి 24 గంటలని చెప్తారు. ఆ లెక్క ఉక్కు లాంటి లోహాలకి. అల్యూమినియం మీద ఇది నిదానిస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువే ఆగండి. ఆ తర్వాత వెంట్‌కి బెలూన్ తగిలించి కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, సబ్బునీళ్లు రాసి చూశాం. ఒక్క బుడగా లేవలేదు. టాంకు నిండా పోసుకుని టెక్సస్ వేసవి దాటాం, అక్కడ మళ్లీ నీలం కనబడలేదు.

దీనికి చేతకానివీ ఉన్నాయి. వెనక పలక అతుకు వెంట పొడవుగా కారేదానికి ఇది చాలదు, అక్కడ టాంకు విప్పి ప్రోసీల్ వేయాల్సిందే. పెట్రోలు ఒక చోట దారి చేసుకుని అంచు వెంట జారి ఇంకో చోట తేలుతుంది, కాబట్టి సబ్బునీళ్ల పరీక్ష మందు వేసే ముందు కూడా చెయ్యండి. లోపల పూతలా పట్టడానికి టాంకులో పోసి తిప్పే స్లోషింగ్ ద్రవం జోలికి మాత్రం పోకండి. అది పొరలుగా లేచి ఇంధనం జాలీకి అడ్డుపడ్డాక వ్యాన్స్ వాళ్లే వద్దన్నారు. ఇంకో మాట, ఈ స్వేచ్ఛ మాలాగా సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకే. సెస్నా లాంటి సర్టిఫైడ్ విమానం మీద మీకు తోచినట్టు ఇలా చేయడానికి వీల్లేదు.

ఈ మందు కొన్ని ప్లాస్టిక్కులని చిట్లిస్తుంది. మందు అంటిన గ్లవ్స్‌తో కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక ప్లాస్టిక్ కప్పు) ముట్టుకోకండి.

కొనేటప్పుడు 10 మిల్లీలీటర్ల సీసా తీసుకోండి, రివెట్లకి అదే ఎక్కువ. నాకు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు మొదట గడువు దాటిన సీసా పంపాడు, గట్టిగా అడిగితే మార్చి ఇచ్చాడు. సీసా చేతికొచ్చిన రోజే తేదీ చూసుకోండి.