మూడో ఏడు నడుస్తున్న ఫౌండేషన్ లెక్కలు: ఒక తల్లి మాట

మా పాప ఆరో తరగతి నుంచి ఫౌండేషన్ సెక్షన్‌లోనే చదువుతోంది, ఇప్పుడు ఎనిమిది. ఐఐటీ లాంటి ఎంట్రన్సులకి చిన్న తరగతుల నుంచే తయారుచేసే ఆ సెక్షన్ అంటే ఏమిటో, మామూలు సెక్షన్ కంటే ఫీజు ఎంత ఎక్కువో, మెటీరియల్ ఎంత లావుంటుందో విజయనగరం తల్లిదండ్రులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. బడి పేరు రాయను. ఇది ఆ ఒక్క బడి సంగతే అని కూడా నేననుకోవడం లేదు.

నా గొడవంతా వీకెండ్ టెస్టుతోనే.

శనివారం ఓఎమ్ఆర్ షీటు, అంటే జవాబుకి గుండ్రం దిద్దే కాగితం ఇస్తారు. గంటలో 60 ప్రశ్నలు. సోమవారానికి ర్యాంకు మన ఫోన్‌కి వచ్చేస్తుంది. అంటే లెక్కకి ఒక నిమిషం. నిమిషంలో తేలాలంటే ఆ లెక్క పిల్లకి ముందే వచ్చి ఉండాలి. రాకపోతే వదిలేసి పక్కదానికి పోవాలి. ఇదే మాట పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే లెక్కల సార్ "వదిలెయ్యడం కూడా నేర్చుకోవాలి కదా మేడమ్" అన్నారు. పరీక్ష హాల్లో అయితే ఆయన చెప్పింది నిజమే. కానీ ఇక్కడ సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసు కూడా ఆ శనివారం కోసమే నడుస్తుంది.

పాప నోట్సు తిరగేస్తే తెలుస్తుంది. రైలు పొడవు 120 మీటర్లు, వంతెన 180 మీటర్లు, వేగం గంటకు 54 కిలోమీటర్లు, దాటడానికి ఎంతసేపు? 20 సెకన్లు, టిక్కు. దాని కింద అదే లెక్క, వంతెన పొడవు మారింది. ఆ కింద వేగం మారింది. రెండు పేజీల నిండా టిక్కులే, ఎక్కడా ఒక కొట్టివేత లేదు. రోజూ విశాఖకు రైల్లో ఉద్యోగానికి వెళ్లొచ్చే మా ఆయన ఆ పేజీలు చూసి "ఇన్ని రైళ్లు మన లైన్లో కూడా లేవే" అన్నారు.

మరి బడివాళ్లు అడ్వాన్స్‌డ్ లెక్కలు అంటున్నది దేన్ని? పై తరగతి సిలబస్‌ని. ఎనిమిదిలోనే వర్గ సమీకరణాలు చెప్పేశారు. సూత్రం ఇచ్చారు, విలువలు వేయమన్నారు, పాప వేస్తోంది. ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో క్లాసులో ఎవరూ అడగలేదట. అడిగే టైమ్ ఉండదట.

ఇదంతా నాకు కొన్నాళ్లుగా లోలోపల గుచ్చుకుంటున్నా ఇదీ లోపం అని పట్టి చెప్పలేకపోయాను. సిరిమాను పండక్కి శ్రీకాకుళం నుంచి మా మరిది వాళ్లు వచ్చినప్పుడు అది బయటపడింది. వాళ్లబ్బాయి సీబీఎస్ఈ బడిలో ఆరో తరగతి. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మార్చిన లెక్కల పుస్తకం వాడిది. పండక్కి కూడా సంచిలో వేసుకొచ్చాడు, వాళ్లమ్మ భయానికి.

"అక్కా, ఓ నాలుగంకెల సంఖ్య చెప్పు" అన్నాడు. మా పాప 3524 అంది. వాడు అంకెల్ని పెద్దవి ముందొచ్చేలా 5432 అని రాశాడు, తిరగేసి 2345 తీసేశాడు. 3087. మళ్లీ అదే పని: 8730లోంచి 0378 తీస్తే 8352. ఇంకోసారి: 8532లోంచి 2358. 6174. అక్కడి నుంచి ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఆగుతుంది. అంకెలు నాలుగూ ఒకటే కాకపోతే చాలు, ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇంతే. 1949లో దీన్ని కనిపెట్టిన కాప్రేకర్ గారు మహారాష్ట్ర దేవలాలీలో బడిపంతులు.

మా పాప మొదట "ఇది మా సిలబస్‌లో లేదురా" అని పక్కకి తోసేసింది. తర్వాత కాగితం లాక్కుని తనే వేరే సంఖ్యలతో చేయడం మొదలుపెట్టింది. కాసేపటికి "ఏటమ్మా ఇది, వచ్చినవన్నీ తొమ్మిదో ఎక్కంలోవే" అంది. నిజమే, 3087, 8352, 6174 మూడింటిలోనూ అంకెలు కూడితే 18. ఎందుకలా వస్తుందని నేనడిగితే "అంకెల మొత్తం తొమ్మిదితో పోతే సంఖ్య కూడా పోతుంది, రూలు" అంది. ఆ రూలు ఎందుకు నిజం అంటే నా మొహం చూసింది. సెక్షన్‌లో మొదటి ఐదు ర్యాంకుల్లో ఉండే పిల్ల!

నేను ఒక్క ముక్కే చెప్పాను: 1000ని 999, ఇంకో 1 అని విడదీసి చూడమని. భోజనాలయ్యాయి, పిల్లలు పడుకున్నారు, తేలలేదు. మర్నాడు పొద్దున్న నోట్లో బ్రష్షుతోనే వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, ఐదు వేలంటే ఐదు 999లు, పైన ఓ ఐదు. నాలుగు వందలంటే నాలుగు 99లు, పైన ఓ నాలుగు. అలా తీసేసుకుంటూ పోతే చివరికి అంకెల మొత్తమే మిగులుతుంది. రెండు సంఖ్యల్లోనూ అంకెలు అవే కదా, తీసివేతలో అది ఎగిరిపోతుంది. మిగిలేవన్నీ తొమ్మిదులే." నురగ గచ్చంతా పడింది. ఆ పూట మూడంకెల సంఖ్యలు పట్టుకుని ఇద్దరూ 495 దగ్గర తేలారు.

ఒక రాత్రంతా బుర్రలో తిరిగిన లెక్క ఈ మూడేళ్లలో ఆ లావు మెటీరియల్ నుంచి ఒక్కటి రాలేదు. వచ్చింది మామూలు ఆరో తరగతి పుస్తకం నుంచి. మీటింగుల్లో బడివాళ్లు చెప్పే లెక్కల ఒలింపియాడ్ సంగతి చూడండి. దాని మొదటి మెట్టు, ఎనిమిదో తరగతి నుంచి రాయనిచ్చే ఐఓక్యూఎమ్ పరీక్షలో ప్రశ్నలు 30, టైమ్ మూడు గంటలు. దాని తర్వాతి మెట్టు ఆర్ఎమ్ఓలో అదే మూడు గంటలకి ఆరే ప్రశ్నలు, జవాబు చాలదు, ఎందుకో నిరూపించి రాయాలి. గంటకి 60 చొప్పున గుండ్రాలు దిద్దడం అలవాటైన పిల్ల అక్కడ కూర్చుని ఏం చేస్తుంది?

ఆరో తరగతిలో ఈ సెక్షన్ బాగుందని నేనే నలుగురికి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ అంటాను, కాకపోతే బాగున్నది ఏదో విడిగా చెప్తాను: పాపకి ఎక్కాలు, భిన్నాలు తడుముకోకుండా వస్తున్నాయి, పరీక్షంటే టెన్షన్ లేదు. ఎన్ఎమ్ఎమ్ఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాసే సర్కారు బడి పిల్లలకి గానీ, కోరుకొండ సైనిక్ స్కూలుకి తయారయ్యే పిల్లలకి గానీ ఇలాంటి తర్ఫీదు పనికొస్తుంది. తొమ్మిదో తరగతి సైనిక్ ఎంట్రన్స్‌లో 400 మార్కులకి లెక్కలే 200, అన్నీ ఆబ్జెక్టివ్.

నాకు బీఎస్సీ మ్యాథ్స్ ఉంది, పగలు ఇంట్లోనే ఉంటాను, కాబట్టి ఆ తొమ్మిదో ఎక్కం లెక్క సంగతి పట్టించుకోగలిగాను. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో పిల్లని సాయంత్రం ఆరు దాకా కూర్చోబెట్టి చదివించే సెక్షన్ దొరికితే అదే పదివేలు, దాన్ని నేను తప్పు పట్టను. మేం కూడా ఫీజు కట్టేశాం కనక ఎనిమిది అయ్యేదాకా మార్చం. తొమ్మిదికి మామూలు సెక్షన్‌లో వేసి మిగిలే టైమ్‌లో ఇంట్లో చేయించాలని నాకుంది, మా ఆయన ఇంకా ఊఁ అనలేదు.

కొత్తగా చేర్చేవాళ్లు బ్రోచర్ పక్కన పెట్టి, ఇప్పుడు చదువుతున్న పిల్లల రఫ్ నోట్సు ఒకటి అడిగి చూడండి. ఒకే లెక్క మీద పేజీ అంతా కొట్టివేతలు ఎక్కడైనా కనిపిస్తే ఆ సార్ దగ్గర వేయొచ్చు.

మరిదికి ఇక్కడికి బదిలీ అయ్యేలా ఉందట. "వీణ్ణి కూడా అక్క సెక్షన్‌లోనే వేద్దామా అక్కా?" అని మా తోటికోడలు రెండుసార్లు ఫోన్ చేసింది. వాడికి కోరుకొండ ఆశ ఉంటే వెయ్యమన్నాను. లేకపోతే ఆగమన్నాను.